ఐదేళ్ళు దాటిన బిడ్డ ఎవరి లెక్క?

పోయిన వేసవిలో మా అక్క రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బడికి సెలవులు కావడంతో తొమ్మిదేళ్ళ పెద్దోడు కూడా వెంట వచ్చాడు. వచ్చేటప్పటికే వాడికి దగ్గు. పగలంతా పిల్లలతో ఆడుకునేవాడు, రాత్రయితే ఒకటే దగ్గు. దగ్గీ దగ్గీ ఊపిరి అందక, చివర్లో గాలి లోపలికి పీల్చేటప్పుడు కూత లాంటి చప్పుడు వచ్చేది. తిన్నదంతా కక్కేసేవాడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు మూడుసార్లు సీసా మందు మార్చాడు. పక్కింటి పెద్దమ్మ గాడిద పాలు పట్టమంది. "ఇది కోరింత దగ్గు బిడ్డా. నూరు దినాలుంటది, దానంతటదే పోతది" అని మా అమ్మ ధైర్యం చెప్పింది.

అమ్మ చెప్పినట్టే వాడి దగ్గు పోయింది. కానీ పోయేముందు పసిపాపకు అంటించి పోయింది. అప్పటికి పాపకు నలభై రోజులు. తొలి టీకా వేసేది ఆరు వారాలకు, అంటే ఇంకో రెండు రోజులు ఉంది. పాప పెద్దగా దగ్గలేదు. పాలు తాగడం మానేసింది. ఒకరోజు తెల్లవారుజామున ఊపిరి ఆగి పెదాలు నీలంగా మారాయి. ఆటోలో జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి అంబులెన్సులో హైదరాబాద్‌కు పరుగెత్తాం. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికింది.

మూడో రోజు డాక్టరమ్మ అక్కను అడిగింది, "పెద్దబాబుకు ఐదేళ్ళ బూస్టర్ వేయించారా?" అని. అక్క నా ముఖం చూసి, మళ్ళీ ఆమె వైపు తిరిగింది. "ఐదేండ్లకు గూడ సూది ఉంటదా మేడం?"

నేను ప్రజారోగ్యం మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను. కులానికీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద సెమినార్లలో మాట్లాడుతుంటాను. కానీ నా సొంత మేనల్లుడి తల్లీబిడ్డల కార్డును ఆ రోజు దాకా నేను తెరిచి చూడలేదు. ఇంటికి వచ్చి చూశాను. పుట్టినప్పటి నుంచి రెండేళ్ళలోపు గడులన్నీ నిండి ఉన్నాయి. ఏఎన్‌ఎం సంతకాలు, తేదీలు వరుసగా ఉన్నాయి. ఐదేళ్ళ గడి ఖాళీ. వాడికి ఐదేళ్ళు వచ్చేనాటికి అక్కా బావా హైదరాబాద్ శివారులో ఒక బిల్డింగ్ పనిలో ఉన్నారు. రేకుల షెడ్డులో కాపురం. అక్కడ ఏ సిస్టరు వాళ్ళ తలుపు తట్టలేదు. ఊళ్ళో సిస్టరు వీళ్ళు వలస పోయారనుకుంది. రెండేళ్ళకు తిరిగొచ్చి వాణ్ణి బడిలో వేసినప్పుడు సార్లు ఆధార్ అడిగారు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ అడిగారు, కులం సర్టిఫికెట్ అడిగారు. టీకా కార్డు మాత్రం ఎవరూ అడగలేదు.

ఇది ఒక్క మా ఇంటి కథే అయితే ఇక్కడ రాయాల్సిన పని లేదు.

పట్టికలో ఉన్నది, పిల్లలకు అందనిది

మన సార్వత్రిక టీకా కార్యక్రమం 1985లో మొదలైంది. ఇప్పుడున్న పట్టిక ప్రకారం కోరింత దగ్గు నుంచి కాపాడే టీకా ఐదుసార్లు పడాలి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్ రూపంలో మూడు డోసులు. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య డీపీటీ మొదటి బూస్టర్. ఐదారేళ్ళ మధ్య డీపీటీ రెండో బూస్టర్. ఇవన్నీ ఉచితం. పీహెచ్‌సీలో, సబ్‌సెంటర్లో, అంగన్‌వాడీలో వేస్తారు.

రెండో బూస్టర్ ఎందుకు? ఈ జబ్బుకు ఒకసారి టీకా వేస్తే జీవితాంతం ఉండే రక్షణ రాదు. జబ్బు వచ్చి తగ్గినా రాదు. కొన్నేళ్ళలో రక్షణ తరిగిపోతుంది. అది తరిగే సరికి పిల్లలు బడిలో చేరి, ఒకే గదిలో నలభై యాభై మంది మధ్య కూర్చుంటారు. బడి నుంచి దగ్గు ఇంటికి వస్తుంది. ఇంట్లో తొలి డోసు కూడా పడని పసిగుడ్డు ఉంటుంది. పెద్ద పిల్లలకు ఇది చాలారోజులు వేధించే దగ్గు. నెలల బిడ్డకు ప్రాణం మీదకు వస్తుంది. అంటే ఐదేళ్ళ సూది ఆ పిల్లాడిని కాపాడుతూనే వాడి చెల్లెలికీ ఎదురింటి పసిబిడ్డకూ అడ్డుగోడ అవుతుంది.

ఇంకో సంగతి చాలామంది తల్లులకు ఎవరూ చెప్పరు. ప్రభుత్వం వేసే డీపీటీని ఏడేళ్ళు నిండిన పిల్లలకు వేయరు. క్రిమిని మొత్తంగా చంపి తయారుచేసే ఆ టీకాతో పెద్ద పిల్లల్లో జ్వరం, వాపు లాంటి ఇబ్బందులు ఎక్కువ కావచ్చు. కాబట్టి ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధి దాటిందా, ప్రభుత్వ వైద్యంలో ఆ బిడ్డకు కోరింత దగ్గు టీకా ఇక లేదు. తొమ్మిదేళ్ళ మా వాడికి తలుపు మూసుకుపోయింది.

ఒక్క అక్షరం తేడా

పదేళ్ళకూ పదహారేళ్ళకూ ప్రభుత్వం ఇంకో సూది వేస్తుంది. దాని పేరు టీడీ. ధనుర్వాతానికీ డిఫ్తీరియాకూ పని చేస్తుంది. కోరింత దగ్గుకు పనిచేసే భాగం అందులో లేదు. గర్భిణులకు వేసేదీ అదే టీడీ.

ఫెలోషిప్ నెలల తరబడి రాకపోతే నేను సాయంత్రాలు ట్యూషన్ చెబుతుంటాను. అలా వెళ్ళే ఒక అపార్ట్‌మెంటులో ఐదో తరగతి చదివే అమ్మాయి ఉంది. మా ఇంట్లో జరిగింది చెప్పినప్పుడు వాళ్ళమ్మ పిల్ల టీకా పుస్తకం తెచ్చి చూపించారు. ప్రైవేటు క్లినిక్కు వాళ్ళు ఇచ్చిన రంగుల పుస్తకం అది. ఐదేళ్ళ గడి నిండి ఉంది. పదేళ్ళ గడిలో టీడాప్ అని స్టిక్కర్ అంటించి ఉంది. టీడీకీ టీడాప్‌కూ తేడా చివరనున్న ఆ 'ప్'. అంటే పెర్టుసిస్, మన కోరింత దగ్గు. భారత పిల్లల వైద్యుల సంఘం పది పన్నెండేళ్ళ మధ్య టీడాప్ వేయించమని, ప్రతి గర్భంలోనూ వేయించమని సిఫారసు చేస్తోంది. ప్రైవేటులో దాని ధర వెయ్యి రూపాయలు దాటుతుంది. మా అక్కకు అది రెండు మూడు రోజుల కూలి.

ఆ తల్లి తప్పేమీ లేదు. ప్రతి తల్లీ చేయాల్సిన పనే ఆమె చేసింది. ఒకే నగరంలో ఒకే వయసున్న ఇద్దరు పిల్లల్లో ఒకరి సూదిలో ఆ అక్షరం ఉండి, ఇంకొకరి సూదిలో లేకపోవడాన్ని మనం పట్టించుకోకపోవడమే తప్పు. ఇది డబ్బున్నవాళ్ళకూ లేనివాళ్ళకూ మధ్య తేడా మాత్రమే అని కొందరు అంటారు. ఈ దేశంలో వలస కూలీల షెడ్డుల్లో ఎవరుంటారో, ఇటుక బట్టీల దగ్గర ఎవరి పిల్లలు పెరుగుతారో, సర్కారు బడి తప్ప వేరే దారి ఎవరికి లేదో చూస్తే ఆ తేడాకు కులం పేరు పెట్టక తప్పదు.

లెక్కించనిది కనిపించదు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019-21 నాటిది, దేశంలో 12 నుంచి 23 నెలల పిల్లల్లో 76 శాతం మందికి పూర్తి టీకాలు పడ్డాయని చెప్పింది. అంతకుముందు విడతలో అది 62 శాతం. మెరుగుదలే, కాదనను. అయితే ఆ 'పూర్తి' అనే మాటకు అర్థం చూడాలి. క్షయకు బీసీజీ, మూడు డీపీటీ లేదా పెంటా, మూడు పోలియో, ఒక తట్టు టీకా. అవి పడితే ఆ బిడ్డ పని పూర్తయినట్టే. ఐదేళ్ళ బూస్టర్ ఆ అంకెలో లేదు. 2014 డిసెంబరులో మొదలైన మిషన్ ఇంద్రధనుష్ రెండేళ్ళలోపు పిల్లల మీదా గర్భిణుల మీదా దృష్టి పెట్టింది. 2023లో దాని విస్తృత విడత ఐదేళ్ళ దాకా వెళ్ళి ఆగింది.

ఆరోగ్య శాఖ కళ్ళు ఐదేళ్ళ దగ్గర ఆగిపోతే, విద్యాశాఖ కళ్ళు హాజరు పట్టీ మీద తెరుచుకుంటాయి. అంగన్‌వాడీ టీచర్‌కు ఆ పిల్ల బడికి పోయింది కాబట్టి తన లెక్క కాదు. బడి సార్‌కు టీకా తన పని కాదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికోసారి బడికి వచ్చి కళ్ళు, పళ్ళు, గుండె చూస్తాయి. వాటి ప్రధాన పని పరీక్షలే. ఇందరి మధ్య ఐదారేళ్ళ బిడ్డ ఎవరి లెక్కలోనూ లేకుండా పోతోంది. చదువుకున్న తల్లిదండ్రులు క్యాలెండర్ చూసుకుని ఆ సందు దాటిస్తారు. పొద్దున ఆరింటికి పనికి పోయే తల్లి దాటించలేదు.

పైగా డీపీటీ వేస్తే చాలామంది పిల్లలకు ఒకటి రెండు రోజులు జ్వరం వస్తుంది, సూది వేసిన చోట వాస్తుంది. అది మామూలే, తగ్గిపోతుంది. కానీ జ్వరమొచ్చిన పిల్లను వదిలి కూలికి పోలేం. "సూది ఏపిస్తే రెండు దినాల కూలి పాయె" అనే మాట మా వాడలో చాలాసార్లు విన్నాను. దాన్ని అజ్ఞానం అని తీసిపారేసే డాక్టర్లను కూడా చూశాను. అది అజ్ఞానం కాదు, లెక్క. ప్రభుత్వం వేసుకోని లెక్కను ఆ తల్లి వేసుకుంటోంది.

వాడ దాకా రాని సూది

టీకాకూ కులానికీ ఏం సంబంధం అనేవాళ్ళు చరిత్ర తెలుసుకోవాలి. 1802 జూన్‌లో బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పాపకు ఈ దేశంలో తొలి మశూచి టీకా పడింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు టీకా చేతి నుంచి చేతికి నడిచింది. ఒక బిడ్డ చేతి మీద పొక్కు లేస్తే దాని రసి తీసి ఇంకో బిడ్డకు పెట్టేవారు. అలా రసి ఇచ్చిన పిల్లల్లో పేద, అంటరాని కులాల పిల్లలు చాలామంది. ఆ కులాల బిడ్డల ఒంటి రసి తమ పిల్లలకు తగలకూడదని అగ్రకులాలు అభ్యంతరం చెప్పాయి. టీకా ఈ దేశంలో అడుగుపెట్టడానికి మన పిల్లల చేతులు వాడుకున్నారు. ఇప్పుడు అదే టీకా మన వాడ దాకా రావడానికి దారి లేదంటున్నారు.

ఇది రెండు వందల ఏళ్ళ నాటి మాటే కాదు. పదకొండు రాష్ట్రాల్లో 565 ఊళ్ళలో సర్వే చేసి ఘనశ్యామ్ షా, సుఖ్‌దేవ్ థోరట్ తదితరులు 2006లో తెచ్చిన గ్రామీణ అంటరానితనం పుస్తకం, దాదాపు మూడోవంతు ఊళ్ళలో ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్ళకు వెళ్ళడం లేదని తేల్చింది. 2010లో సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్‌లలో దళిత పిల్లలతోనే మాట్లాడి రాసిన అధ్యయనంలో, మందు ఇచ్చేటప్పుడు తాకకుండా ఇచ్చే తీరు పదేపదే బయటపడింది. తాకడానికే ఇష్టపడని చోట సూది ఎలా వేస్తారు?

బడిలో వేయండి, కానీ ఇలా

అందుకే నేను అడిగేది ఒకటే. ఐదేళ్ళ బూస్టర్‌ను బడికి తీసుకురండి. ఒకటో తరగతిలో చేరిన నెలలోపు ప్రతి బిడ్డ కార్డు చూడాలి. గడి ఖాళీగా ఉంటే ఏఎన్‌ఎం బడికే వచ్చి డీపీటీ వేయాలి. కొత్త టీకా కనిపెట్టనక్కర లేదు, కొత్త చట్టం అక్కర లేదు. టీకా ఉంది, బడి ఉంది, సిస్టరు ఉంది. వాటిని కలపాలి.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 2010లో తొమ్మిది వేలకు పైగా కోరింత దగ్గు కేసులు వచ్చి పది మంది పసికందులు చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది లాటినో కుటుంబాల బిడ్డలు. అక్కడ కూడా చావు ఎవరి ఇంటి దారి పట్టిందో చూడండి. ఆ మరుసటి ఏడాది నుంచే అక్కడ ఏడో తరగతిలోకి వెళ్ళే పిల్లలకు టీడాప్ తప్పనిసరి చేశారు.

అలాంటి తప్పనిసరిని మాత్రం ఇక్కడికి యథాతథంగా తేవద్దు. కార్డు లేకపోతే బడిలో చేర్చుకోం అంటే ముందుగా బయట నిలబడేది ఎవరి పిల్లలో మనకు తెలుసు. తరగతి గదిలో గోనెపట్టా మీద వేరుగా కూర్చుని చదువుకున్న బాబాసాహెబ్ వారసులం మనం. బడి గుమ్మానికి ఇంకో తాళం వేయడానికి ఒప్పుకోలేం. కార్డు అడగాల్సింది బిడ్డను ఆపడానికి కాదు, సూది వేయడానికి.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. బడిలో టీకా అనగానే మన రాష్ట్రాల్లో భద్రాచలం గుర్తుకు రావాలి. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిపారు. ఆశ్రమ పాఠశాలల్లో ఆదివాసీ పిల్లల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టారు. 2010లో ప్రాజెక్టు ఆపేశారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఆ తీరును తీవ్రంగా తప్పుపట్టింది. డీపీటీ ప్రయోగం కాదు, దశాబ్దాలుగా కోట్లమంది పిల్లలకు వేస్తున్న టీకా. అయినా సమ్మతి సమ్మతే. తల్లికి తన భాషలో చెప్పాలి. జ్వరం వస్తుందని ముందే చెప్పి పారాసిటమాల్ చేతికివ్వాలి. మర్నాడు సిస్టరు వచ్చి చూడాలి. వార్డెన్ సంతకం తల్లి మాటకు సమానం కాదు.

నిజాయితీగా ఒప్పుకోవాల్సినవి

టీడాప్ ఒక్కటి తెస్తే అంతా అయిపోతుందని నేను అనడం లేదు. దాని రక్షణ కొన్నేళ్ళకే తగ్గిపోతుంది. పాత తరహా డీపీటీ వాడుతున్న దేశాలు దాన్నే కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పసికందులను కాపాడడానికి అదనంగా ఏదైనా చేయాలంటే గర్భిణులకు టీకా వేయడమే ఖర్చుకు తగ్గ ఫలితమిచ్చే దారి అని కూడా చెప్పింది. కడుపులో ఉండగానే తల్లి రక్షణ బిడ్డకు చేరుతుంది. బ్రిటన్ 2012 అక్టోబరు నుంచి ఆ పనే చేస్తోంది.

కాబట్టి వరుస స్పష్టంగా ఉండాలి. మొదట, చేతిలో ఉన్న ఐదేళ్ళ డీపీటీ ఒక్క బిడ్డకూ తప్పకూడదు. రెండోది, సర్కారు ఆసుపత్రికి వచ్చే గర్భిణికి టీడీ బదులు టీడాప్ ఉచితంగా ఇవ్వాలి. మూడోది, పదేళ్ళ టీడీ స్థానంలో టీడాప్ తేవచ్చా అన్నది జాతీయ టీకా సలహా సంఘం తేల్చాలి. దాన్ని సంక్షేమ గురుకులాల నుంచి మొదలుపెట్టి ఆలోచించాలి. మన గురుకులాల్లో పిల్లలు ఐదో తరగతిలో చేరతారు. సరిగ్గా పదేళ్ళ వయసు. ఒక్కో డార్మిటరీలో పదుల మంది పక్కపక్కనే పడుకుంటారు. ఒక్కరికి దగ్గు వస్తే ఆగేది కాదు. పండక్కి ఇంటికి పోయేటప్పుడు బట్టల సంచితో పాటు దాన్నీ తీసుకుపోతారు.

వలస కూలీల షెడ్డులకూ ఇటుక బట్టీలకూ టీకా రోజులు పెట్టాలి. యూ-విన్ అనే డిజిటల్ రికార్డు వచ్చింది కాబట్టి, ఊరు మారినా బిడ్డ ఎక్కడుంటే అక్కడ వేయడానికి ఇప్పుడు సాకు లేదు. ఐదేళ్ళ బూస్టర్ ఎంతమందికి పడిందో జిల్లాలవారీగా, కులాలవారీగా ప్రకటించాలి. లెక్క బయటపెడితేనే నిలదీయగలం.

ఈ టీకా వెనక ఒక కథ ఉంది, మన పిల్లలకు చెప్పాల్సింది. 1930లలో అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు పగలు ప్రయోగశాలలో పనిచేసి, సాయంత్రాలు పేదల ఇళ్ళకు వెళ్ళి దగ్గే పిల్లల ముందు గాజుపళ్ళెం పట్టుకుని క్రిమిని సేకరించారు. తర్వాత వాళ్ళతో చేరిన నల్లజాతి శాస్త్రవేత్త లోనీ గోర్డన్ వేల పళ్ళేలు పరీక్షించి, బలమైన టీకాకు పనికొచ్చే క్రిమి రకాన్ని పట్టుకున్నారు. పేదల పిల్లల దగ్గు నుంచి, ఒక నల్లజాతి మహిళ కష్టం నుంచి వచ్చిన టీకా ఇది. అది పేదల పిల్లలకే అందకపోవడం ఎంత అన్యాయం! ప్రపంచ దేశాలకు టీకాలు పంపే కంపెనీలు హైదరాబాద్‌లో ఉన్నాయి. అదే నగరం శివారు షెడ్డులో మా మేనల్లుడికి సూది పడలేదు.

బాబాసాహెబ్, రమాబాయి దంపతులకు ఐదుగురు పిల్లలు. గంగాధర్, రమేష్, ఇందు, రాజరత్న నలుగురూ పసితనంలోనే పోయారు. యశ్వంత్ ఒక్కరే మిగిలారు. జయంతికి పూలదండలు వేసేటప్పుడు ఆ నలుగురి పేర్లు మనం తలుచుకోం. కన్నబిడ్డలను పాతిపెట్టిన ఆ తండ్రే 1928లో బొంబాయి శాసనమండలిలో కార్మిక తల్లుల ప్రసూతి సాయం బిల్లుకు మద్దతుగా నిలబడ్డారు. బిడ్డ ప్రాణం ఇంటి సొంత విషయం కాదని, ప్రభుత్వ బాధ్యత అని ఆయనకు తెలుసు.

ఇప్పుడు మా పాప బోర్లా పడుతోంది. తొలి మూడు సూదులూ పడ్డాయి. అక్క కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి బియ్యం డబ్బా మీద ఉంచింది. ఐదేళ్ళ గడి పక్కన పెద్దోడితో ఎర్ర పెన్నుతో గుండ్రంగా సున్నా చుట్టించింది. ఈ వ్యాసం చదివే ప్రతి ఒక్కరూ ఈరోజు మీ ఇంట్లో, మీ వాడలో ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య పిల్లల కార్డులు తెరిచి చూడండి. గడి ఖాళీగా ఉంటే పీహెచ్‌సీకి తీసుకుపోండి. అడ్డు చెబితే నలుగురు కలిసి పోండి. అది మనం అడుక్కునేది కాదు, పట్టికలో రాసి ఉన్న మన బిడ్డల హక్కు.

జై భీమ్.